ఆటలో రంగులు మార్చేముందు మా బావని అడగండి



ఈ గ్రూపులో మనం నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు, పోడు పట్టాల సంగతులు రాసుకుంటాం. ఈసారి మేం ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాం. ‘హాస్టల్‌కి పంపింది ఆటలాడుకోడానికా’ అని పక్కన పెట్టేయకండి. చివరిదాకా చదివితే ఇది కూడా ఉద్యోగం దగ్గరికే వస్తుంది.

మేమంటే ఒకే గదిలో ఉండే ఆరుగురం. డిగ్రీ రెండో సంవత్సరం. మా ఆరిళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకణ్ణి గదంతా బావా అని పిలుస్తాం. ఈ పోస్టు బావ గురించే. బావ చదివి, రెండు చోట్ల దిద్ది, సరే పెట్టండి అన్నాకే పెడుతున్నాం. పేరు మాత్రం రాయం.

మా మాట ముందే చెప్పేస్తాం. పాత ఆటలకి సొంత రంగులు పెట్టుకోవడం మంచిదే, అందరూ చెయ్యాలి. కానీ దాన్ని సోకు అనుకోకూడదు. ఏ రంగు పెట్టాలన్నది అందం లెక్క కంటే ముందు ఎవరికి కనిపిస్తుంది, ఎవరికి కనిపించదు అన్న లెక్క. ఇది మాకు ఆలస్యంగా తెలిసింది, అదీ ఒకణ్ణి చూసి నవ్వాక.

గేమ్ బాయ్ అని చేతిలో పట్టుకుని ఆడే యంత్రం ఒకటుండేది. నింటెండో వాళ్ళు 1989లో జపాన్‌లో తెచ్చారు. తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144 చుక్కలు. దానికి రంగుల్లేవు, నాలుగు ఛాయలే. బాగా లేత, కొంచెం లేత, కొంచెం ముదురు, బాగా ముదురు. అప్పటి తెర స్వభావం వల్ల అవి పాచి రంగులో కనిపించేవి. మేం పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు సంగతి ఇది. ఆ యంత్రాన్ని మేం చేత్తో ముట్టుకోలేదు. ఇప్పుడు కంప్యూటర్లో ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ వేసుకుంటే, పాత యంత్రం చేసే పనంతా అదే చేసి చూపిస్తుంది. మా సీనియర్ అన్న ఒకాయన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఎంజీబీఏ అనే ఎమ్యులేటర్ ఉంది. అది ఉచితం.

ఆ అన్నే జీబీ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక చిన్న ఆట తయారుచేశాడు. కొండ మీద పోడు చేను, మధ్యలో మంచె. రాత్రి అడవిపందులు చేనులో పడతాయి. పిల్లాడు వడిసెల తిప్పి వాటిని తరమాలి. మూడు పందులు చేను దాటిపోతే పంట పోయినట్టే. మా చిన్నప్పటి పనే అది. అందుకే రాత్రి అన్నం తిన్నాక వంతులేసుకుని ఆడేవాళ్ళం. (ఎవరో అమ్ముకునే ఆటల్ని దొంగతనంగా దించుకోవడం మీద వాదన వేరే ఉంది. మేం ఆడింది మావాడు చేసిన ఆటే.)

ఈ రంగుల లోపలి సంగతి కొంచెం చెప్పాలి. ఆటలో ప్రతి చుక్కకీ రాసి ఉండేది రంగు కాదు, ఒక అంకె. సున్నా, ఒకటి, రెండు, మూడు. ఏ అంకెకి ఏ ఛాయ వెయ్యాలో యంత్రంలో వేరే చోట రాసి ఉంటుంది. దాన్నే పాలెట్ అంటారు. వెనకాల కనిపించే నేల, చెట్లు, ఇళ్ళకి ఒక పాలెట్. కదిలే బొమ్మలకి ఇంకో రెండు పాలెట్లు. కదిలే బొమ్మల్లో సున్నా అంటే ఖాళీ, వెనకాల ఉన్నది కనిపిస్తుంది. అందుకని వాటికి మిగిలేది మూడు ఛాయలే. ఎంజీబీఏ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఈ మూడు పాలెట్లకీ మనకి నచ్చిన రంగులు ఇచ్చుకోవచ్చు. ఆటలో ఒక్క అక్షరం మారదు. అంకెలు అవే, వాటి మీద వేసే రంగు మనది.

ఇది తెలిశాక గదిలో ఊరుకుంటామా? ఎవడి పాలెట్ వాడు చేశాడు. చివరికి అందరం కలిసి ఒకటి చేసి మన్యం పాలెట్ అని పేరు పెట్టుకున్నాం. దారికి వలిసె పూల పసుపు, చేనుకి ఆకుపచ్చ, పందులకి ఎర్రమట్టి రంగు. తెర వెలిగిపోయింది. పాచి రంగు పోయి మా కొండే కనిపించినట్టయింది.

ఆ రోజు నుంచి బావ ఓడిపోవడం మొదలైంది.

అంతకుముందు గదిలో అందరికంటే ఎక్కువసేపు ఆడేది బావే. కొత్త రంగులు పెట్టాక మూడు పందులూ నిమిషంలో దాటిపోయేవి. పంది చేను మధ్యలో నడుస్తుంటే చూడకుండా కూర్చునేవాడు. అది దారి మీదకొచ్చాక ఉలిక్కిపడి వడిసెల తిప్పేవాడు. మేం నవ్వాం. ‘ఏం బావా, రాత్రుళ్ళు నిద్రపోవట్లేదా’ అన్నాం, ‘నీ చేను కౌలుకిచ్చేయ్’ అన్నాం. బావ కూడా నవ్వేవాడు. వారం తర్వాత ఆడటం మానేశాడు. చదువుకోవాలి అన్నాడు. మేం నమ్మాం.

బయటపడింది అనుకోకుండా. ఒకరోజు ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ పోయి ఆట మళ్ళీ మొదటి ఛాయల్లోకి వచ్చేసింది. ఆ రాత్రి ఊరికే ఒక ఆట ఆడమంటే బావ కూర్చుని పాత రికార్డు దాటేశాడు. మళ్ళీ మన్యం పాలెట్ పెడితే మళ్ళీ ఓటమి. అప్పుడు మాలో ఒకడు తెర ఆపి, చేను మధ్యలో ఉన్న పంది మీద వేలు పెట్టి అడిగాడు, ‘బావా, ఇది ఏ రంగు?’ బావ చాలాసేపు చూసి, ‘ఆకులాగే ఉంది కదా’ అన్నాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు.

తర్వాత మేం లెక్క చూశాం. మేం పెట్టిన చేను రంగు ఎరుపు 60, పచ్చ 120, నీలం 60. పంది రంగు ఎరుపు 200, పచ్చ 60, నీలం 40. రంగులు తీసేసి వెలుగు ఎంతో కట్టే పాత టీవీ లెక్క ఒకటుంది. ఎరుపు అంకెని 0.299తో, పచ్చని 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కలపాలి. చేనుకి 95 వచ్చింది, పందికి 100. అంటే వెలుగులో దాదాపు తేడా లేదు. తేడా అంతా ఎరుపు, పచ్చల్లోనే పెట్టాం. ఆ రెండిటి తేడా తెలియని కంటికి పంది చేనులో కలిసిపోతుంది. జీబీ స్టూడియో వాడే మొదటి నాలుగు రంగులకి అదే లెక్క కడితే సుమారు 236, 165, 84, 20 వచ్చాయి. మెట్లు దిగినట్టు ఉంది కదా. మేం వెక్కిరించిన ఆ పాచి రంగులో బావకి అన్నీ కనిపించేవి. మేం అందంగా చేసి ఆ మెట్లు తీసేశాం.

ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఎవరికీ ఎలా తెలీలేదు అని మీరు అడగొచ్చు. మేమూ అదే అడుక్కున్నాం. ఒక కారణం మన మాటే. తెలుగులో పచ్చ అంటే ఆకుపచ్చా అవుతుంది, పసుపుపచ్చా అవుతుంది. పచ్చని చేను అంటాం, పచ్చగా పండిన పండు అంటాం. బావ ఏది చూసి పచ్చ అన్నా ఎవరికీ తప్పనిపించలేదు. ఇంకో కారణం, కొండ మీద పనికి రంగు ఒక్కటే ఆధారం కాదు. పండు పండిందో లేదో వాసన చెప్తుంది, నొక్కితే తెలుస్తుంది. ఇంట్లో బావకి ఏ పనీ ఆగలేదు.

ఆగింది చదువులోనే. ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ గుర్తు తెచ్చుకోండి. మిథైల్ ఆరెంజ్ వేసిన ద్రావణం ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో పసుపుగా ఉంటుంది. రంగు మారిన చుక్క దగ్గర ఆపాలి. బావ ఎప్పుడూ దాటించేసేవాడు. ‘శ్రద్ధ లేదు’ అని అందరి ముందు తిట్లు తిన్నాడు. వాడూ అదే నమ్మాడు, తనకి శ్రద్ధ లేదని. డిగ్రీలో కెమిస్ట్రీ లేని గ్రూపు తీసుకున్నాడు. మేం రాయాలనుకున్న అసలు బాధ ఇది. చూపులో ఉన్న తేడాని తెలివిలో లోపం అనుకుని ఒక పిల్లాడు దారి మార్చుకున్నాడు. ఇంట్లో ముందు చదివినవాళ్ళు ఉంటే ఎవరో ఒకరు అనుమానపడేవాళ్ళేమో. మనిళ్ళల్లో టైట్రేషన్ అంటే ఏంటో చెప్పడానికే ఎవరూ లేరు.

బావని తీసుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాం. కంటి డాక్టరుగారు ఒక పుస్తకం తెరిచారు. పేజీ నిండా రంగు చుక్కలు, వాటి మధ్యలో అంకె. ఇషిహారా పరీక్ష అంటారు. షినోబు ఇషిహారా అనే జపాన్ డాక్టరు తయారుచేసిన ఆ పుస్తకం 1917లో మొదట అచ్చయింది. మాకు అంకెలు కనిపించిన చాలా పేజీల్లో బావకి చుక్కలే కనిపించాయి. ఎరుపు, పచ్చ తేడా తక్కువ అని రాసిచ్చారు. ఇది పుట్టుకతో వచ్చేది. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లోనే ఎక్కువ. తల్లి నుంచి కొడుక్కి వస్తుంది, తల్లికి మాత్రం మామూలుగా ఏ తేడా తెలీదు. కాబట్టి ఆవిడ తప్పూ కాదు, దిష్టీ కాదు, తిండి తక్కువై వచ్చిందీ కాదు. మందు వేస్తే పోయేదీ కాదు. ఎవరైనా పసరు వేస్తాం, నయం చేస్తాం అంటే డబ్బులు ఇవ్వకండి.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. బావ ఏడాదిగా రైల్వే ఎన్‌టీపీసీకి చదువుతున్నాడు. కోరిక స్టేషన్ మాస్టర్. ఆ నోటిఫికేషన్‌లో ప్రతి పోస్టు పక్కనా వైద్య ప్రమాణం కోడ్ ఉంటుంది. మనలో చాలామంది దాన్ని చూడం, వయసు, అర్హత చూసి వదిలేస్తాం. స్టేషన్ మాస్టర్‌కి, గూడ్స్ ట్రైన్ మేనేజర్‌కి ఏ-2 ఉంటుంది. దానికి రంగుల చూపు సరిగ్గా ఉండాలి. సిగ్నల్ చూడాల్సిన ఉద్యోగం కాబట్టి అది న్యాయమే, మేం దాన్ని తప్పనం. కానీ క్లర్క్-కమ్-టైపిస్టు పోస్టులకి సీ-2 ఉంటుంది. రాతపరీక్షకి చదివేది దాదాపు అదే, పోస్టుల ప్రాధాన్యం రాసేటప్పుడు వరస మార్చుకోవచ్చు. ఇది తెలియకపోతే బావ రాతపరీక్షలన్నీ గట్టెక్కి చివర వైద్య పరీక్షలో ఆగిపోయేవాడు. ఊరంతా ఉద్యోగం వచ్చిందనుకున్నాక.

ఈ సంగతి చెప్పినప్పుడు మాకు ఎదురైన మాటలకి జవాబు చెప్పాలి.

ఒకటి. పాత ఆటని పాత రంగుల్లోనే ఆడాలి, మార్చితే అసలుది పోతుంది అంటారు కొందరు. ఏది అసలుది? 1989 యంత్రంలో పాచి రంగు. 1994లో సూపర్ గేమ్ బాయ్ వచ్చింది. దాంతో అవే ఆటలు టీవీలో రంగులతో కనిపించాయి, ఆడేవాళ్ళే పాలెట్ మార్చుకునే వీలు అందులోనే ఉంది. 1996 గేమ్ బాయ్ పాకెట్‌లో తెర బూడిద రంగు. 1998 గేమ్ బాయ్ కలర్‌లో పాత ఆట పెట్టి, ఆన్ అయ్యేటప్పుడు బాణం మీటని ఒక్కదాన్నే గానీ, ఏ, బీ మీటల్లో ఒకదాంతో కలిపి గానీ నొక్కితే పన్నెండు రకాల పాలెట్లు వచ్చేవి. ఎడమ బాణం, బీ కలిపి నొక్కితే నలుపు తెలుపు. అంటే చేసినవాళ్ళే రంగుని ఆడేవాడి చేతికి ఇచ్చారు. మనం మార్చితే అపచారం కాదు.

రెండు. కనిపించేలా రంగు మార్చుకుంటే ఆట సులువైపోతుంది, అది మోసం అన్నాడు ఒక జూనియర్. తమ్ముడూ, పంది వేగం మారలేదు, వడిసెల దెబ్బ మారలేదు. నీకు మొదటి నుంచీ కనిపిస్తున్న పంది బావకి కూడా కనిపిస్తోంది, అంతే. కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్ష రాసినవాణ్ణి కాపీ కొట్టాడంటామా?

మూడు. ఇవన్నీ బయట చెప్పకండి, పెళ్ళికి అడ్డం, ఉద్యోగానికి అడ్డం అన్నారు పెద్దవాళ్ళు. వాళ్ళ భయం మాకు అర్థమైంది. అందుకే పేరు రాయలేదు. కానీ దాచితే వైద్య పరీక్షలో దాగదు. ముందే తెలిస్తే దారి ఎంచుకోవచ్చు. ఆలస్యంగా తెలిస్తే మిగిలేది అవమానమే.

నాలుగు. మనకి తాగేనీళ్ళు, రోడ్లు, టీచర్లు లేకపోతే మీరు గేమ్ రంగుల గురించి రాస్తారా అని కూడా అన్నారు. వాటి మీదా రాస్తాం, రాశాం. కానీ ఈ పని నిధులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. రేపు పొద్దున మనమే చెయ్యొచ్చు.

ఏం చెయ్యాలంటే, పాలెట్ చేసేవాళ్ళు ముందు లేతా ముదురూ చూసుకోండి, రంగు తర్వాత. నాలుగు ఛాయలు మెట్లలాగా దిగాలి. తెర ఫొటో తీసి నలుపు తెలుపు చేసి చూడండి. అందులో పంది, చేను విడిగా కనిపిస్తే మంచి పాలెట్. కలిసిపోతే ఎంత అందంగా ఉన్నా మార్చండి. మేం ఇప్పుడు వాడేది ఇది. మొదటిది 250, 240, 190. రెండోది 130, 180, 220. మూడోది 50, 90, 150. నాలుగోది 15, 20, 50. వెలుగు లెక్కలో ఇవి 237, 170, 85, 22 వస్తాయి. లేత పసుపు నుంచి ముదురు నీలానికి దిగుతాయి. ఎరుపు, పచ్చ తేడా తెలియనివాళ్ళలో ఎక్కువమందికి పసుపు, నీలం తేడా బాగానే తెలుస్తుంది. ఎర్రమట్టి రంగు వదల్లేం అనుకుంటే పెట్టుకోండి, కానీ చేను కంటే బాగా ముదురుగా పెట్టండి. అయినా లెక్కే అంతా చెప్పదు. కొందరికి ఎరుపు మనకంటే చీకటిగా కనిపిస్తుంది. చివరికి మనిషినే కూర్చోబెట్టి అడగాలి.

ఇదే పద్ధతి నోట్సుకీ, పోస్టర్లకీ పెట్టండి. ముఖ్యమైనది ఎర్ర పెన్నుతో, మిగతాది ఆకుపచ్చతో రాసి ఫొటో పెడతాం. ఎర్రదాని కింద గీత కూడా గీయండి. గ్రాఫ్‌లో రెండు గీతలు ఉంటే ఒకటి చుక్కల గీత చెయ్యండి. మ్యాప్‌లో రంగుతోపాటు పేరు కూడా రాయండి. సంఘం మీటింగులకి పోస్టర్లు చేసే అన్నలకి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాం.

అధికారుల్ని అడగాల్సింది ఒకటే. ఆశ్రమ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి దాటేలోపు ప్రతి పిల్లాడికీ, పిల్లకీ ఆ చుక్కల పుస్తకం ఒకసారి చూపించాలి. నిమిషాల పని. ఒక పుస్తకం ఎన్నో స్కూళ్ళు తిరగొచ్చు. మా చదువులో ఎత్తు కొలిచారు, బరువు చూశారు, గోడ మీద అక్షరాలు చదివించారు. ఆ పుస్తకం మా ఆరుగురిలో ఎవరికీ ఎవరూ చూపించలేదు. ఎమ్యులేటర్ పాలెట్ కంటి పరీక్ష కాదు, దాంతో ఎవరికీ జబ్బు పేరు పెట్టకండి. అనుమానం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మా బావ సంగతి మాకు పందుల ఆట చెప్పింది కాబట్టి తెలిసింది. అందరి గదిలోనూ ఆ ఆట ఉండదు.

ఇప్పుడు సీనియర్ అన్న కొత్త బొమ్మ ఏది గీసినా ముందు బావకి చూపిస్తాడు. బావ కనిపించింది అంటేనే ఆటలో ఉంటుంది. మన్యం పాలెట్ తీసెయ్యలేదు, రెండూ ఉంచాం, ఎవరికి ఏది కావాలంటే అది పెట్టుకుంటారు. ఎన్‌టీపీసీ పుస్తకాలు బావ మంచం మీదే ఉన్నాయి. పోస్టుల వరస మాత్రం కొత్తగా రాసి గోడకి అతికించాడు. మొదటి పోస్టు కింద నల్ల పెన్నుతో రెండు గీతలు గీశాడు.

మీ హాస్టల్లో, మీ ఊరి స్కూల్లో రంగుల పరీక్ష ఎప్పుడైనా జరిగిందా? జరిగితే ఏ తరగతిలో జరిగిందో చెప్పండి. అర్జీలో రాయడానికి పనికొస్తుంది.

జై ఆదివాసీ.